వెనక్కి నడిచే మనిషి

"ఈ ఊర్లె ఒక్క హారన్ మోత లేదే పద్మా! స్వర్గమంటే ఇదే!"

పొద్దున్నే నడిచొచ్చి వరండాలో కూర్చుంటూ రాజలింగం రోజూ అనే మాట ఇది.

సూరత్ లింబాయత్‌లో నలభై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి, ఈమధ్యే పని మానేసి, ఊరవతల చెరకు తోటల పక్కన రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు.

"హారన్లు లేకేంది? మీకే ఇనవడ్తలేవు. అడాజన్‌ల చెవుల డాక్టరున్నడట, జర పోదాం పాండ్రి," అంది భార్య పద్మారాణి.

"నా చెవులకేమైందే? నువ్వే మెల్లగ మాట్లాడ్తవు!"

పద్మారాణి మెల్లగా మాట్లాడితే మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది.

ఆ రోడ్డు మీద వింతలకు కొదవ లేదు. జరీ చీర కట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న దిష్టిబొమ్మ ఒకటి. స్కూటరు వెనక సీటు మీద దర్జాగా కూర్చుని ఎటో పోయే మేక ఒకటి. బస్టాపు నీడలో నెమరేసే ఒంటె ఒకటి. అన్నీ ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెప్పి భార్యను నవ్వించేవాడు.

అన్నింటికన్నా పెద్ద వింత ఒక ముసలాయన.

రాజలింగం రోడ్డెక్కగానే ఎక్కడినుంచో ఊడిపడేవాడు. పదడుగులు వెనకగా, వీపు రాజలింగం వైపు పెట్టి, అతని వెంటే వెనక్కి వెనక్కి నడిచేవాడు. చేతిలో కర్ర. కర్రకు ఎర్ర చీర ముక్క. దాన్ని అటూ ఇటూ ఊపేవాడు.

చూసినవాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వులో తనకూ వాటా ఉందని రాజలింగానికి ఒళ్లు మండింది.

"ఓ పెద్దమనిషీ! ఏం తమాషా ఇది?" అని ఒకరోజు హిందీలో గట్టిగా అరిచాడు.

ఆయన తిరిగి కూడా చూడలేదు.

"ఎంత పొగరు!" అని కర్ర లాక్కుని కాలువలో పారేశాడు.

ముసలాయన ఉలిక్కిపడి తిరిగాడు. చిన్నగా నవ్వి దండం పెట్టాడు.

మరునాడు ఇంకా పెద్ద గుడ్డతో వచ్చాడు.

"శనిలెక్క తగులుకున్నడే," అని భార్య దగ్గర మొత్తుకున్నాడు రాజలింగం.

నెల తర్వాత ఒక శుక్రవారం ముసలాయన కనిపించలేదు. శనివారమూ లేడు. పీడ విరగడైందని రాజలింగం రోడ్డు మధ్యలో హాయిగా చేతులూపుకుంటూ నడిచాడు.

భుజాన్ని ఏదో బలంగా గీరింది. చెరకు గడలు!

లారీ పక్కకు ఒరిగి ఆగింది. డ్రైవరు కిందికి దూకాడు.

"ఏం కాకా! అంత దూరంనుంచి హారన్ కొడుతున్నా! ఎర్రగుడ్డ ఊపే మీ మనిషేడీ?"

"నా మనిషా?"

"రోజూ మీ వెనకుండి మా బండ్లను పక్కకు తిప్పేవాడు కదా! మీ అన్నేమో అనుకున్నాం!"

సాంచాల మోతలో పెదవులు చూసి మాట పట్టుకోవడం రాజలింగానికి పాత అలవాటే. ఒక్క మాటా తప్పిపోలేదు. ఎంత మంచివాణ్ని ఎంత మాటన్నాను అని సిగ్గుతో కుంగిపోయాడు.

కాళ్ల మీద పడదామని ముసలాయన ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్లాడు.

గోడకు ఫోటో ఉంది. ఫోటోకు దండ ఉంది.

"మొన్న బేస్తారం రాత్రి నిద్రల్నే పోయిండన్నా," అంది ఆయన భార్య వజ్రమ్మ, అచ్చ తెలుగులో. "లస్మయ్య ఆయన పేరు. మాది సిరిసిల్ల దిక్కు. దుకాణంల మీరు చేతులు తిప్పుకుంట మాట్లాడంగ చూసిండట. 'మన సాంచాలాయనే, చెవులు పొయ్యుంటయి' అన్నడు."

"నాతోని ఒక్క మాట చెప్పకపాయె గదమ్మా!"

"చెవిటోడంటే మనిషి చిన్నబోతడు, చెప్పద్దన్నడు."

రాజలింగం కళ్లు తుడుచుకున్నాడు.

"మరి ఎనకకెందుకు నడిచెటోడమ్మా?"

వజ్రమ్మ ఫోటో వైపు చూసింది.

"ఆయన గూడ ముప్పై ఏండ్లు సాంచాల కాన్నే చేసిండన్నా... మీ ఎనక వచ్చే బండ్లు ఆయనకూ ఇనవడయి, కండ్లతోని చూస్తెనే ఎర్క."