కుడివైపు మూడో సందు

పరాయి దేశం నుంచి వచ్చి ఏడాదైంది. ఈ ఊళ్లో దారి అడిగితే తెలీదన్నవాడు నాకింతవరకూ తగల్లేదు. తెలియకపోయినా చెయ్యెత్తి ఎటో ఒకవైపు చూపించేస్తారు. నాకు ఒళ్లు మండేది.

ఇవాళ ఒకాయన బండి ఆపి నన్నే అడిగాడు. "హెడ్మాస్టరుగారి మేడ ఎక్కడండీ?"

నన్ను దారి అడిగిన మొదటి మనిషి. తెలీదనడానికి నోరు రాలేదు. "నేరుగా పోయి కుడివైపు మూడో సందు" అన్నాను.

గదికొచ్చేసరికి చెడిపోయిన ఫ్యాను ఇంకా తిరగడం లేదు.

"మెకానిక్ విసిగిపోయి వెనక్కెళ్లాడట బాబూ" అంది ఇంటి ఓనరమ్మ. "మా మావగారు హెడ్మాస్టరు కదా, ఆ పేరు చెప్పి ఈ మేడ ఎక్కడని అడిగితే ఎవరో తెల్లదొర మూడో సందులోకి పంపాడట. ఈ పేటలో నువ్వు కాక ఇంకో తెల్లదొర ఎవరబ్బా?"

ధీమాగా చెయ్యెత్తి ఎదురిల్లు చూపించాను.