ఎమొరీ నోట్ల ఆల్బం

"మంగళవారం," అన్నాడు ఎమొరీ.

ఆరోజు శనివారం.

పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. బుర్రలో మాటలన్నీ భద్రంగానే ఉన్నాయి. నోటిదాకా వచ్చేసరికి మాత్రం ప్రతి మాటా మంగళవారమే అయిపోతోంది. ఎడంచేత్తో రాయబోతే గీతలే తప్ప అక్షరం తిరగదు.

"కాఫీ కావాలా?" అంది భార్య వెర్నా.

కాఫీ కాదు. వంటింటి బల్లమీద ఆల్బం తెరిచి ఉంది. దానిముందు డెల్మర్ కూర్చున్నాడు.

డెల్మర్ స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. లాంకాస్టర్‌లో పాత నోట్లు సేకరించేవాళ్ళ క్లబ్బుకి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి, అచ్చాఫీసులో పనిచేసే ఎమొరీ పక్కన కూర్చున్నాడు. అప్పట్నుంచీ విడవలేదు. అమెరికా ఇంకా దేశం కాకముందు పెన్సిల్వేనియా, న్యూజెర్సీ తమంతట తాము అచ్చేసుకున్న నోట్లంటే ఇద్దరికీ ప్రాణం. వెనక ఆకు బొమ్మ, ముందు సిరా సంతకాలు. ఎమొరీ దగ్గర అలాంటివి నలభై మూడు. డెల్మర్ దగ్గర రెండు, అవీ చిరిగినవి.

"వేలంలో వాళ్ళ కమీషన్ పోగా నీకు దక్కేదానికంటే నేనే ఎక్కువిస్తా వెర్నా," అన్నాడు డెల్మర్. "ఇల్లు అమ్మేశాగా."

"ఇల్లమ్మావా! మతి గానీ పోయిందా నీకు?"

"ఒంటివాణ్ణి. నాలుగు గదులు ఊడ్చుకుంటూ కూర్చోనా? మా చెల్లెలింట్లో మేడమీద గది ఖాళీగా ఉంది. వీడికి నర్సు కావాలి. ఈ నోట్లు తలా ఒకరి పాలైతే నేను చూడలేను."

"మంగళవారం! మంగళవారం!"

ఎమొరీ ఎడంచెయ్యి చాచాడు. ఆ ఆల్బం గడప దాటకూడదు. డెల్మర్ చేతికైతే అసలే వెళ్ళకూడదు. వేళ్ళు అట్ట అంచుని తాకి జారిపోయాయి.

"చూశావా, ఎలా విలవిల్లాడుతున్నాడో," వెర్నా కళ్ళొత్తుకుంది. "మాకు పిల్లలా, జెల్లలా? ఇవే పిల్లలు. పోనీ, అన్నీ పైకి తీసి ఒకసారి చూసుకో డెల్మర్. రేపు మాటొస్తే బాగుండదు."

"ఎమొరీ కొన్నవి నేను పరీక్ష చెయ్యడమేంటి? నాకు చూడ్డం నేర్పిందే వీడు."

పక్కనే భూతద్దం ఉంది. ఎమొరీ దాన్ని అరచేత్తో నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి డెల్మర్ మోచేతికి తగిలింది.

డెల్మర్ దాన్ని తీసి పట్టుకున్నాడు. "ఇదీ నాకేనా? నీ భూతద్దం కూడా ఇచ్చేస్తున్నావా?" అని జేబులో పెట్టుకున్నాడు.

ఎమొరీ గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచాడు. ఇంకొక్క దారి ఉంది. వేలు లాక్కొచ్చి ఒక నోటు అడుగున, అచ్చేసిన వరుసమీద ఆన్చాడు. ఆన్చి నొక్కాడు.

డెల్మర్ వంగి చదివాడు. "'నకలు చేసినవారికి మరణదండన.' ఒరేయ్, గుర్తుందట్రా నీకు! క్లబ్బులో మొదటిరోజు నువ్వు నాకు చదివి వినిపించింది ఇదే కదా!"

డెల్మర్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఎమొరీ ఆ నోటుని ప్లాస్టిక్ తొడుగులోంచి పీకి నలపబోయాడు. వెర్నా కెవ్వుమంది. డెల్మర్ మెల్లిగా ఒక్కో వేలూ విడదీసి, నోటుని పసిపిల్లలా యథాస్థానంలో పడుకోబెట్టాడు.

"వద్దులే. ఇంత బాధయితే నేను తీసుకెళ్ళను," అన్నాడు.

ఎమొరీ ఊపిరి బిగబట్టాడు.

"తీసుకెళ్ళు," అంది వెర్నా. "రోజూ చూసుకుని ఏడుస్తాడు. ఎదురుగా లేకపోతేనే మంచిది."

చెక్కు ఆమె చేతికొచ్చింది. ఆల్బం డెల్మర్ చంకలోకి వెళ్ళింది. వెర్నా అతనికి కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. డెల్మర్ వంగి ఎమొరీ నుదుటిమీద ముద్దు పెట్టాడు. "వారంవారం తెచ్చి చూపిస్తాలేరా," అన్నాడు. బయట అతని పాత ట్రక్కు రెండుసార్లు దగ్గి కదిలింది.

"మంగళవారం... మంగళవారం..."

"ఊరుకో," వెర్నా అతని తల పొట్టకి ఆనించుకుంది. "మంచివాడి చేతికే వెళ్ళాయి కదా."

నాలుగేళ్ళ కిందట ఈమె గుండె ఆపరేషన్ కోసం ఆ నలభై మూడు నోట్లనీ పైరాష్ట్రం వాళ్ళకి గుట్టుగా అమ్మేసి, ఆల్బం ఖాళీగా కనిపిస్తే బెంగపడుతుందని ఒక్కొక్కదానికీ నకలు తయారుచేసి పెట్టాడు ఎమొరీ.