నొప్పి పక్షం

"ఈ ఆసుపత్రి కాదురా! నేను చెప్పింది ఇది కాదు!" స్ట్రెచర్ మీద మెలికలు తిరుగుతూనే అరిచాడు ఎమ్మెల్యే.

"అటు రోడ్డు జామైపోయింది సార్. మనవాళ్లదే ఊరేగింపు," అన్నాడు డ్రైవరు.

"ఎందుకు ఊరేగింపు?"

"సర్కారు ఆసుపత్రులన్నీ ప్రైవేటు వాళ్లకి అప్పగించాలని సార్. మీరే పెట్టించారు."

ఎమ్మెల్యే ఇంకేదో అనబోయాడు. నడుము పక్కనుంచి పొట్టలోకి గునపం దిగినట్టయి, "అమ్మా!" అన్నాడు.

ఆ సర్కారు ఆసుపత్రి వార్డులో ఖాళీ లేదు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి, తలలు చెరో వైపు పెట్టుకుని పడుకున్నారు. కిటికీ పక్క ముసలాయన కాళ్లు ముడుచుకుని, "ఇటు రండి బాబూ, సర్దుకుందాం," అంటూ చోటిచ్చాడు. నియోజకవర్గం మొత్తం చేతుల్లో పెట్టుకున్న మనిషి, సగం మంచం మీద ఒదిగి పడుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "కిడ్నీలో రాయి ఉన్నట్టుంది. స్కానింగ్ చేసి రేపు తీసేద్దాం. ఈలోపు నొప్పికి ఇంజక్షన్ ఇస్తారు. కాసేపు ఓర్చుకోండి."

"కాసేపేమిటమ్మా, ప్రాణం పోతుంటే!"

"నర్సు ఒక్కతే ఉందండీ. మూడు వార్డులూ ఆవిడే చూడాలి."

"ఒక్క నర్సా? ఏం ప్రభుత్వమయ్యా ఇది!"

"మనదే సార్," అన్నాడు పీఏ మెల్లగా.

"అయితే విను! ఆసుపత్రుల్ని అప్పగించే ఆ బిల్లుకి నేను వ్యతిరేకం. వార్డుకి పదిమంది నర్సులుండాలి. మంచానికో డాక్టరుండాలి. విలేకరులకి చెప్పు. ఇప్పుడే చెప్పు!"

పీఏ వరండాలోకి పరిగెత్తి అందరికీ ఫోన్లు చేసి వచ్చాడు. ఈలోగా ఇంజక్షన్ పడింది. ఎమ్మెల్యే మొహం తేటగా ఉంది.

"చెప్పేశాను సార్."

"ఏమని?"

"బిల్లుకి మీరు వ్యతిరేకమని."

"నీకేమన్నా మతి పోయిందా? ఇవన్నీ ప్రభుత్వం ఎన్నాళ్లని మోస్తుంది? జనానికి అన్నీ ఊరికే వస్తే ఒళ్లు వంగదు. అప్పగించెయ్యడమే మార్గం. వెళ్లి సరిచెయ్!"

పీఏ వెళ్లి సరిచేశాడు. ఇంజక్షన్ మత్తు దిగగానే మళ్లీ వ్యతిరేకమన్నాడు. ఇంకోటి పడగానే మళ్లీ అనుకూలం. సాయంత్రానికి విలేకరులు ఫోనెత్తి 'హలో' అనడం మానేసి, "ఇప్పుడెటు?" అని అడగడం మొదలుపెట్టారు.

వెంట వచ్చిన ఎమ్మెల్యే భార్య మంచం పక్కన కూర్చుని వార్డంతా చూస్తోంది. పక్క మంచం మీద ఒక చిన్నపిల్లకి సెలైన్ ఎక్కుతోంది. స్టాండు లేదు. తల్లి సీసాని చేత్తో ఎత్తి పట్టుకుని ఎప్పటినుంచో నిలబడి ఉంది. ఆమె చెయ్యి వణకడం చూసి ఎమ్మెల్యే భార్య లేచి, సీసా అందుకుంది. తర్వాత ఇద్దరూ వంతులు వేసుకున్నారు.

"ఇది కూడా లేకుండా పోతే మేమెక్కడికి వెళ్లాలమ్మా?" అంది ఆ తల్లి. ఎమ్మెల్యే భార్యని అడుగుతున్నానని ఆమెకు తెలియదు.

ఈమె సీసాని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

మర్నాడు ఆపరేషను అయింది. ఆ వారాంతంలోనే బిల్లు మీద ఓటింగు. సభలో రెండు వైపులా బలం సరిసమానం. ఎమ్మెల్యే ఓటుతోనే తేలాలి. ఇస్త్రీ మడత నలగని బట్టలతో ఆయన లేచి నిలబడ్డాడు. భార్య పైన సందర్శకుల వరసలో కూర్చుంది.

"అధ్యక్షా! నేను స్వయంగా సర్కారు ఆసుపత్రిలో పడుకుని వచ్చాను. అనుభవం మీద చెబుతున్నాను. అవి శుద్ధ దండగ..."

నడుము పక్కన కలుక్కుమంది. ఎమ్మెల్యే బల్ల అంచు పట్టుకున్నాడు.

"...దండగ అనేవాళ్లకి వాటి విలువ తెలియదు అధ్యక్షా!"

నొప్పి కాస్త సడలింది. సొంత పార్టీ వాళ్లు గుడ్లురుముతున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయినా సరే, ఖర్చు ఆలోచిస్తే ప్రైవేటుకి..."

ఈసారి గునపమే దిగింది.

"...ప్రైవేటుకి ఇచ్చే ప్రసక్తే లేదు! మంచాలు కావాలి! నర్సులు కావాలి! అమ్మా!"

సభంతా ఆయన వైపు తిరిగింది.

"అమ్మలు... బిడ్డల్నెత్తుకుని... అమ్మలంతా ఎక్కడికి పోవాలి అధ్యక్షా!" అంటూ ఆయన బల్ల మీదకి ఒరిగిపోయాడు. కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. ప్రతిపక్షం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సొంత పార్టీలో ఇద్దరు ముక్కులు చీదుకున్నారు. బిల్లు వీగిపోయింది.

ఆయన ఇంటికి బయల్దేరేసరికే టీవీలన్నీ ఆ కన్నీళ్లనే తిప్పి తిప్పి చూపిస్తున్నాయి.

"నా అంతరాత్మేనే అది," అన్నాడు కారులో, సీటుకి చేరగిలబడి. "అబద్ధం నోటిదాకా వచ్చినప్పుడల్లా లోపల్నుంచి పొడిచింది. నాకూ ఒకటుందని ఇన్నాళ్లూ తెలియదు."

"ఉంటుందండీ, ఎందుకుండదు?" అని భార్య నొప్పి మాత్ర చేతికిచ్చి, నీళ్లు తాగించింది.

కాసేపట్లో ఆయన గుర్రుపెట్టాడు. అంతలో ఆమె ఫోను మోగింది. అవతల డాక్టరమ్మ.

"ప్రమాదమేం లేదు కాబట్టి మీరు ఆగమంటే ఆగానమ్మా. ఆ రెండో రాయి రేపు తీసేద్దామా?"

ఆమె భర్త వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"అంత తొందరేం లేదు డాక్టరుగారూ. వచ్చేవారం ఉచిత మందుల బిల్లుందట, అదొకటి పాసవనివ్వండి."