రెండో కాపీ

“పెట్టె వద్దు భాయ్. విడివిడిగా రెండు డిస్కులివ్వండి, చాలు,” అంది పూంగొడి.

“ఆమె మాట పట్టించుకోకండి. పెట్టే కావాలి,” అన్నాడు ఆమె మొగుడు ఇళంగో.

చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో ముప్పయ్యేళ్లుగా కంప్యూటర్ సామాన్ల దుకాణం నడుపుతున్న కాదర్ భాయ్‌కి ఆలుమగల తగవులు కొత్త కాదు. టీవీ సైజు దగ్గర కొట్టుకునేవాళ్లుంటారు, ఫోను రంగు దగ్గర మొహాలు మాడ్చుకునేవాళ్లుంటారు. మామూలుగా అయితే ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ టీ తాగేవాడే. వీళ్ల సంగతి తెలుసు కనుక ఈసారి నవ్వు రాలేదు.

వాళ్లమ్మాయి యాళిని ఎనిమిది నెలల కిందట డెంగీ జ్వరంతో పోయింది. ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల ఫొటోలు, వీడియోలు అన్నీ ఒకే ఒక్క పాత డిస్కులో ఉండేవి. పోయిన వారం అది టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని పరుగున తెచ్చారు. భాయ్ నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి అంతా బయటికి తీశాడు. ఇక ఎప్పటికీ పోకుండా దాన్ని ఎందులో దాచాలన్నదే ఇప్పటి గొడవ.

“ముందు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి,” అని భాయ్ ఒక వీడియో నొక్కాడు.

తెర మీద ముందు పళ్లు రెండూ ఊడిన పిల్ల. “నీ పేరేంటి?” అని ఇళంగో గొంతు. “యాయిని!” “యాయిని కాదే, యాళిని. నాలుక మడిచి అను.” “యా... యిని!” అంతే, ఆనాడు ఫోనుతో వీడియో తీస్తున్న పూంగొడి పగలబడి నవ్వింది. బొమ్మంతా ఊగిపోయింది.

భాయ్ గబగబా ఆపేశాడు. ఇళంగో తల పైకెత్తి ఫ్యాను వంక చూస్తున్నాడు. పూంగొడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తను అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

“నువ్వు చెప్పు తంబీ, పెట్టె ఎందుకంటావ్?” అని భాయ్ ఇళంగోని తమ్ముణ్ణి అడిగినట్టు అడిగాడు.

“రెండు డిస్కులూ అందులోనే ఉంటాయి కదా భాయ్. ఒకదాంట్లో వేసింది రెండోదాంట్లోకి దానంతటదే వెళ్తుంది. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. ఇంటి వైఫైకి తగిలిస్తే ఇద్దరం ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. హాల్లో ఒక మూలన పెట్టుకుంటాం.”

“పెట్టెకే పదిహేను వేలు. ఆపైన డిస్కులు. ఎందుకంత?” అంది పూంగొడి.

“పాప దగ్గర కూడా బేరాలేనా?”

“బేరం కాదు. నాది నా చేతిలో ఉండాలి.”

“చూశారా భాయ్? పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.”

“మీ కుందేలుకి ఎన్ని కాళ్లో నాకూ తెలుసు లెండి.”

భాయ్ మధ్యలో దూరాడు. “సీసీ కెమెరాల రికార్డర్లలోంచి తీసిన డిస్కులు సగం ధరకే ఉన్నాయి. కానీ మూడేళ్లు రేయింబవళ్లు తిరిగి అలిసిపోయిన సరుకది. మీకు నేను అంటగట్టను. కొత్తవే తీసుకోండి. రెండూ ఒకే లాట్‌లోవి, అంటే ఫ్యాక్టరీలో ఒకేసారి తయారైనవి మాత్రం వద్దు. ఒకే లాట్‌వయితే ఒకటి పోయిన వారానికే రెండోదీ పోతుంది.”

“వేర్వేరు లాట్‌లవే ఇవ్వండి. కానీ ఒకే పెట్టెలో పెట్టివ్వండి,” అన్నాడు ఇళంగో. కొనడానికి వచ్చినవాడి గొంతు కాదది. బతిమాలుతున్నాడు.

భాయ్‌కి జాలేసింది. “ఒప్పుకో తంగచ్చీ,” అన్నాడు పూంగొడితో, సొంత చెల్లెలికి నచ్చజెప్పినట్టు. “ మొగుడూ పెళ్లాల్లా రెండూ ఒక గూట్లో ఉంటే నష్టమేముంది?”

పూంగొడి పెట్టెను దగ్గరికి లాక్కుని అందులోని రెండు అరలనూ వేలితో తడిమింది.

“ఇందులో ఒకదాంట్లోది పొరపాటున చెరిపేస్తే?”

భాయ్ గడ్డం గోక్కున్నాడు. వ్యాపారస్తుడే గానీ ఆ తల్లి ముఖం చూస్తూ అబద్ధమాడలేకపోయాడు. “రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. అద్దంలో బొమ్మ లాంటిదే. ఇక్కడ లేనిది అక్కడా ఉండదు.”

“ఇంట్లోకి నీళ్లొస్తే?” వాళ్లుండేది వేలచ్చేరిలో. రెండేళ్ల కిందట మోకాలి లోతు నీళ్లు చూసిన ఇల్లు.

“రెండూ మునుగుతాయి.”

పూంగొడి ఇళంగో వైపు చూసింది. గెలిచానన్న సంతోషం ఆ ముఖంలో లేదు.

“తంగచ్చి చెప్పిందే సబబు తంబీ,” అన్నాడు భాయ్. “ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఒక్కదాని కిందే లెక్క. ముప్పయ్యేళ్లలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. పెట్టె మానేయండి. రెండు డిస్కుల్లోనూ పాపని మొత్తం ఎక్కించి ఇస్తాను. ఒకటి మీ ఇంట్లో పెట్టుకోండి. ఇంకోటి వేరే ఇంట్లో ఉండాలి. ఆర్నెల్లకోసారి రెండూ దగ్గర పెట్టుకుని సరిచూసుకోండి.”

ఇళంగో పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

భాయ్ అలమరలోంచి రెండు కొత్త డిస్కులు తీసి బల్ల మీద పెట్టాడు. “మరి రెండోదాన్ని దాచడానికి మీకు నమ్మకమైన ఇల్లేదైనా ఉందా? పుట్టిల్లో, అన్నదమ్ములదో?”

పూంగొడి తల దించుకుంది. ఇళంగోయే జవాబు చెప్పాడు.

“ఉంది భాయ్. రేపు విడాకుల కాగితాలు చేతికొచ్చాక నేను మారే ఇల్లు.”