ఆదివారం లేవని వంతెన

కొత్త వంతెన మీద ఊరివాళ్ళ అభిప్రాయాలడిగే సభలో, మైకు లాక్కున్న ఆవిడని చూడగానే వేదిక మీదున్న ఇంజనీరమ్మ గతుక్కుమంది. సాక్షాత్తూ అత్తగారు!

"పడవలొస్తే పైకి లేచే మన పాత వంతెన తీసేసి కొత్తది కడతారట. అది చిటికెలో లేచి చిటికెలో దిగుతుందట. ఎవరడిగారమ్మా?"

హాలంతా గొల్లుమంది.

"పాతది ఒకసారి లేస్తే అరగంట దిగదు కదా, అత్తయ్యా. పాపం మీరే ప్రతి ఆదివారం మా ఇంటికని బయల్దేరి, వంతెన లేచిందని వెనక్కెళ్ళిపోతున్నారు."

"అలవాటైపోయిందిలే. నా మీద జాలిపడి వంతెనలు కట్టక్కర్లేదు."

ఇంజనీరమ్మ వేదిక దిగొచ్చి, ఆవిడ చెవిలో గొణిగింది. "ఆదివారం పడవలు తిరగవు, అత్తయ్యా. వంతెన లేవదు."

అత్తగారు ఠక్కున మైకు కట్టేసింది. "ఎప్పట్నించి తెలుసు నీకు?"

"పెళ్ళైన కొత్తలోనే."

"మరి అడగలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని అడగను? మీ ఇంటికి రాకుండా ఉండటానికి నేను చెప్పేదీ ఆ వంకే కదా."

"నాకు తెలీదనుకున్నావా? మా వంటింటి కిటికీలోంచి వంతెన కనిపిస్తుంది."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. అత్తగారు పక్కకుర్చీలో ఉన్న సంచీ తీసి చోటిచ్చింది.

"కూర్చో. ఇంతకీ కొత్తది వచ్చాక ఏం చెప్పుకుందాం మనం?"

ఇంజనీరమ్మ పక్కనే కూర్చుంది. "ఆదివారాలు మరమ్మతుల కోసం ఎత్తే ఉంచాలని ప్లానులో పెట్టేస్తాను."

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "కడుపున పుట్టిన కూతురు కూడా నా గురించి ఇంత ఆలోచించదే తల్లీ!"