అందరికీ ఒకే హద్దు

తుర్కపల్లి ల్యాబులోని సమస్త శాస్త్రవేత్తలకూ సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను; తప్పు మాత్రం నాది కాదు.

సర్వర్ మెమరీ అంతా ఒక్కరే మింగెయ్యకుండా, ప్రతి ప్రోగ్రామునూ కంటైనర్ అనే విడి గదిలాంటి దాంట్లో పెట్టి, ఇంత మెమరీయే వాడాలని హద్దు గీసింది నేనే. హద్దు దాటిన ప్రోగ్రామును సర్వర్ మధ్యలోనే ఆపేసి చంపేస్తుంది. ల్యాబులోని శాస్త్రవేత్త జహీరా నడిపే శాంపిళ్ల లెక్క పొద్దుటి నుంచీ చస్తూనే ఉంది.

"అన్వేష్ భాయ్, పరేషాన్ చేస్తున్నవ్. సాయంత్రం లోపల ఫలితం పంపకుంటే నా శాంపిళ్లన్నీ పారేస్తరు!"

"హద్దు దాటుతున్నవ్ గద."

"ఏడ దాటిన? సూడు, సగం గూడ వాడలే!"

"హద్దు ముందు అందరం సమానమే, జహీరా," అన్నాను గంభీరంగా.

ఆమె పళ్లు కొరుక్కుంటూ లెక్కను మళ్లీ మొదలుపెట్టింది. ఆఖరి శాంపిల్ దగ్గర లెక్క మళ్లీ చచ్చింది.

అప్పుడు సర్వర్ అంతా వెతికాను. ఆమె చెప్పింది నిజమే. హద్దు లేని ప్రోగ్రాము ఒకటి మెమరీ తినేస్తుంటే, చోటు చాలక సర్వర్ అన్నింటికన్నా పెద్దదాన్ని, అంటే జహీరా లెక్కను, చంపుతోంది.

ఆ హద్దు లేనిది, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లే కంపెనీ క్యాబ్ ఎక్కడుందో చూసుకోవడానికి నేను రాసుకున్నదే.

వెంటనే ఆపలేదు. క్యాబ్‌లో కిటికీ సీటు దొరికాకే ఆపాను.