మళ్ళీ చదవమన్న పేజీ

ఇండియా వదిలి వచ్చి సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగు చేసే నాన్న ఆదివారం నా గదికి వచ్చి, నేను వెళ్ళే సాయంత్రం క్లాసు పుస్తకం చదివి వినిపించమన్నాడు.

మగవాణ్ణి మెప్పించేటంత చదువు ఆడదానికి చాలని రెండువందల ఏళ్ళకు ముందే ఒక ఫ్రెంచి పండితుడు వాదించిన పేజీ అది.

"మళ్ళీ సదువమ్మా," అన్నాడు నాన్న. మూడోసారీ చదివించాడు.

నాకు అనుమానం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక నాకింకా చదువెందుకని అంతకుముందే అన్నాడు. క్లాసు మాన్పిస్తాడేమో.

"ఆయన మాట నీకు నచ్చిందా నాన్నా?"

నాన్న జేబులోంచి ఇండియా ఫోన్‌కార్డు తీశాడు.

"మీ అక్కని బడి మాన్పించినప్పుడు నేనన్నదీ ఇదే. ఆయనకెవరూ జవాబు సెప్పలేదా?"

"ఒకావిడ చెప్పింది. పుస్తకమే రాసింది. అందులో కొంత ఇందులోనూ ఉంది."

"అయితే అక్కకి ఫోన్ కలుపు. ఆ జవాబు దానికి సదివి సెప్పు. నేను పక్కనే నిలబడి వింటాను."